తాలూకా బోర్డు నుండి మండల పరిషత్తు వరకు
బాపులపాడు ప్రాంతపు స్థానిక స్వపరిపాలన చరిత్ర

తెలుగు పల్లెలలో వృద్ధులు కొందరు పాత పాఠశాలను "బోర్డు స్కూలు" అనియు, పాత కంకర బాటను "బోర్డు రోడ్డు" అనియు పిలుచుట కలదు. ఈ బోర్డు ఏది? ఎప్పుడు పుట్టినది? ఎందుచేత రద్దయినది? దాని బాటలు, బావులు, చెట్లు, పాఠశాలలు నేడు ఎవరి అధీనమున ఉన్నవి? ఈ ప్రశ్నలు చరిత్రకారులకు మాత్రమే సంబంధించినవని తలచరాదు. గ్రామ పంచాయతీ సభ్యులుగా మీరు నిర్వహించు ప్రతి ఆస్తికిని, చేయు ప్రతి తీర్మానమునకును వెనుక ఈ చరిత్ర కలదు. అందువలన దీనిని బాపులపాడు ప్రాంతమును దృష్టియందుంచుకొని వివరింపబూనితిమి.

మన ప్రాంతము

బాపులపాడు కృష్ణా జిల్లాలో మద్రాసు, కలకత్తాల నడుమ సాగు రాజమార్గముపై ఉన్న గ్రామము. దాని ప్రక్కనే ఆంజనేయస్వామి ఆలయమువలన పేరు వచ్చిన హనుమాన్ జంక్షన్ కలదు. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దిక్కులకు పోవు బాటలు అక్కడ కలియును. నూజివీడు పేరు గల రైల్వే స్టేషను సైతము అక్కడనే ఉన్నది. ఒక ప్రక్క కృష్ణా డెల్టా మాగాణి, మరియొక ప్రక్క నూజివీడు మెట్టలోని మామిడి తోటలు. ఈ రెంటి నడుమ మన గ్రామములు వెలసినవి. వీరవల్లి, కానుమోలు, ఆరుగొలను, అంపాపురము, పెరికీడు, రేమల్లె, మల్లవల్లి, రంగన్నగూడెము మున్నగు గ్రామముల వారికి ధాన్యము పోవలెనన్నను, మామిడి కాయ పోవలెనన్నను బాటయే ప్రాణము. స్థానిక సంస్థల చరిత్రయు బాటతోడనే ప్రారంభమైనది.

అర అణా పన్ను

1859లో బందరు, గుంటూరు జిల్లాలు మొదలైన ప్రాంతములు కలిసి కృష్ణా జిల్లాగా ఏర్పడినవి. ఆ కాలమున జిల్లాకు కలెక్టరు ఉండెను గాని, ప్రజలకు ప్రాతినిధ్యము గల సంస్థ ఏదియు లేకుండెను. పల్లెల బాటలకు ప్రభుత్వ ధనము చాలలేదు. 1866లో మద్రాసు ప్రభుత్వము రోడ్ల సెస్సు చట్టమును చేసి, సాగుభూమి కౌలు విలువపై రూపాయికి అర అణా చొప్పున వసూలు చేయ మొదలిడినది. రూపాయికి పదునారు అణాలు గనుక ఇది ముప్పదిరెండవ వంతు.

1871లో లోకల్ ఫండ్స్ చట్టము వచ్చినది. పన్ను రూపాయికి అణా వరకు పెరుగుటకు వీలు కలిగెను. బాటలతో పాటు పాఠశాలలు, వైద్యశాలలు, సత్రములు, టీకాలు, పారిశుద్ధ్యము కూడ దాని ఖర్చులో చేరినవి. ఈ ధనమును ఖర్చు పెట్టుటకు లోకల్ ఫండ్ బోర్డులు ఏర్పడినవి. వానికి కలెక్టరే అధ్యక్షుడు. సభ్యులను ప్రభుత్వమే నియమించెడిది. అనగా పన్ను గ్రామస్థులది, నిర్ణయము ప్రభుత్వముది.

జమీందారీ గ్రామములలో పన్నును జమీందారు చెల్లించి, కొంత భాగమును రైతుల వద్ద రాబట్టుకొను ఏర్పాటుండెను. నూజివీడు జమీందారీ ఈ చుట్టుపట్ల విస్తరించియుండినందున మన వారికి ఇది పరిచితమైన పద్ధతి. జమీందారీలు 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో ముగిసినవి.

తాలూకా బోర్డు పుట్టుక

1882లో వైస్రాయి రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనపై ఒక తీర్మానమును ప్రకటించెను. పాలన సులభమగుటకు మాత్రమే గాక, ప్రజలు రాజకీయ వ్యవహారములలో శిక్షణ పొందుటకు స్థానిక సంస్థలు అవసరమని దాని సారాంశము. దానిని అనుసరించి 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టము వచ్చినది. అందు మూడు అంతస్తులు ఏర్పడినవి.

పైన జిల్లా బోర్డు. కృష్ణా జిల్లా బోర్డు బందరునుండి పనిచేసినది. పెద్ద బాటలు, ముఖ్య వైద్యశాలలు దాని బాధ్యత. నడుమ తాలూకా బోర్డు. చిన్న బాటలు, ప్రాథమిక పాఠశాలలు, చిన్న వైద్యశాలలు, సంతలు, సత్రములు, త్రాగునీటి బావులు, రేవులు దానికి అప్పగింపబడినవి. క్రింద యూనియన్. ఒకటి లేక కొన్ని గ్రామములు కలిసి యూనియన్‌గా ఏర్పడి, ఇంటిపన్ను వసూలు చేసి, వీధులు ఊడ్పించుట, దీపములు పెట్టించుట, మురుగు పోవునట్లు చేయుట మొదలగు పనులు నిర్వహించెడివి. యూనియన్ పంచాయతీలో గ్రామాధికారులు పదవిని బట్టి సభ్యులు.

పేరు తాలూకా బోర్డే గాని, అనేక చోట్ల దాని హద్దు ఒక తాలూకా కాదు. పెక్కు తాలూకాలు గల రెవెన్యూ డివిజను. దానికి మొదట డివిజను అధికారియే అధ్యక్షుడు. సభ్యులలో నియమితులే అధికము. క్రమముగా కొందరు ఎన్నికైన సభ్యులు చేరిరి. అయినను ఆనాటి ఓటు నేటి ఓటు వంటిది కాదు. నిర్ణీతమైన పన్ను చెల్లించు వారికే ఓటు కలదు. పాలికాపునకు గాని, భూమి లేని కూలికి గాని, ఆస్తి లేని స్త్రీకి గాని బోర్డు విషయమున నోరెత్తు హక్కు లేకుండెను.

బోర్డు చేసిన పనులలో బాట ప్రక్క చెట్లు నాటుట ఒకటి. నీడకొరకు నాటిన మామిడి, చింత మొదలగు చెట్ల ఫలసాయమును ఏటేట వేలము వేయగా వచ్చిన సొమ్ము బోర్డు ఆదాయములో జమ అయ్యెడిది. బాటలపై టోల్ గేట్లు పెట్టి బండ్లకు సుంకము వసూలు చేయుట మరియొక ఆదాయము. బండికి సుంకము చెల్లించి పోయిన రైతు ఆ బాట గుంతలు పడినప్పుడు బోర్డు సభ్యుని అడుగుటకు నేర్చుకొనెను. స్వపరిపాలన అను మాటకు మొదటి అర్థము ఇట్లు పల్లెకు తెలిసినది.

ఎన్నికల కాలము, ఇక్కట్ల కాలము

1920లో రెండు చట్టములు కలిసి వచ్చినవి. ఒకటి కొత్త మద్రాసు స్థానిక బోర్డుల చట్టము. రెండవది గ్రామ పంచాయతీల చట్టము. మొదటి దానితో బోర్డులలో ఎన్నికైన సభ్యుల సంఖ్య పెరిగెను. అధికారులకు బదులు ప్రజా ప్రతినిధులు అధ్యక్ష పీఠములను అధిష్ఠింపసాగిరి. రెండవ దానితో గ్రామ పంచాయతీకి ప్రత్యేకమైన రూపము ఏర్పడినది. ఆనాటి మద్రాసు ప్రభుత్వమున స్థానిక స్వపరిపాలన ప్రజలకు బాధ్యత వహించు మంత్రుల శాఖలలో చేరియుండెను.

1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడగా ఏలూరు ప్రాంతము కృష్ణా జిల్లానుండి విడిపోయెను. బాపులపాడు నాటినుండి రెండు జిల్లాల సరిహద్దు చేరువ గ్రామమైనది. సరిహద్దు గ్రామములకు ఒక కష్టము కలదు. బాట ఒకటే, బండి ఒకటే. హద్దు దాటగానే దానిని బాగుచేయవలసిన బోర్డు మారిపోవును.

తాలూకా బోర్డులకు పనులు పెరిగినవి; ఆదాయము ఆ మేరకు పెరుగలేదు. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల జీతములకే ధనములో పెద్ద భాగము పోయెడిది. బాటల మరమ్మతునకు మిగులునది స్వల్పము. ప్రభుత్వ గ్రాంటు వచ్చినప్పుడు పని, రానప్పుడు నిలుపుదల. 1929 తరువాత లోకమంతట ఆర్థిక మాంద్యము వ్యాపించి, పంటల ధరలు పడిపోగా రైతు పన్ను చెల్లింపలేని స్థితికి వచ్చెను. 1931లో మోటారు వాహనముల పన్ను చట్టము రాగా టోల్ గేట్లు తొలగి, ఆ ఆదాయమునకు బదులు ప్రభుత్వమిచ్చు పరిహారముపై బోర్డులు ఆధారపడవలసి వచ్చినది. ఒకే పనికి జిల్లా బోర్డునకు ఒక సిబ్బంది, తాలూకా బోర్డునకు ఒక సిబ్బంది ఉండుట దుబారా అను విమర్శయు బలపడెను.

తుదకు 1934లో, బొబ్బిలి రాజా ముఖ్యమంత్రిగా నున్నప్పుడు, మద్రాసు రాష్ట్రమున తాలూకా బోర్డులు రద్దు చేయబడినవి. వాని ఆస్తులు, అప్పులు, ఉద్యోగులు, పాఠశాలలు జిల్లా బోర్డులకు చేరినవి. 1884లో పుట్టిన సంస్థ సరిగా ఏబదియేండ్లకు అంతరించెను.

నడుమ అంతస్తు లేని పాతికేండ్లు

తాలూకా బోర్డు రద్దు కాగానే గ్రామమునకును, బందరులోని జిల్లా బోర్డునకును నడుమ ఎవరును లేకపోయిరి. బాపులపాడునుండి గుడివాడ మీదుగా బందరు సుమారు 60 కిలోమీటర్ల దూరము. పాఠశాల కప్పు కారినను, బావి పూడినను, వంతెన కూలినను అర్జీ అంత దూరము పోవలెను. జిల్లా బోర్డు సభ్యునికి అనేక గ్రామములు. అన్నిటిని చూచుటకు ఆయనకు తీరికయుండదు. ఖర్చు తగ్గవలెనని చేసిన మార్పువలన దూరము పెరిగినది. ఇది గమనింపదగిన విషయము.

ఇట్టి మార్పులు మన దేశముననే జరిగినవని తలపరాదు. ఇంగ్లండులో 1894 చట్టముచే గ్రామీణ ప్రాంతములకు రూరల్ డిస్ట్రిక్టు కౌన్సిళ్లు ఏర్పడినవి. పల్లెల పారిశుద్ధ్యము, నీటి సరఫరా, ఇండ్ల నిర్మాణము వాని బాధ్యతలలో ఉండెను. చిన్న సంస్థలు నేటి పనులకు చాలవని చెప్పి 1974 ఏప్రిల్ 1న వానిని రద్దు చేసి పెద్ద డిస్ట్రిక్టులలో కలిపివేసిరి. క్రింద ఉన్న పారిష్ కౌన్సిళ్లు మాత్రము నిలిచినవి. నడుమ సంస్థల హద్దులు ప్రభుత్వముల ఆలోచనను బట్టి మారుచుండును. గ్రామము మాత్రము ఉన్నచోటనే యుండును.

స్వాతంత్ర్యానంతరము 1950 నాటి మద్రాసు గ్రామ పంచాయతీల చట్టము వయోజన ఓటుపై పంచాయతీలను ఏర్పరచినది. పన్ను చెల్లించినను చెల్లింపకున్నను, పురుషుడైనను స్త్రీయైనను, పెద్దవాడైన ప్రతి గ్రామస్థునికి ఓటు లభించెను. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైనది. బ్లాకులు, గ్రామసేవకులు వచ్చిరి. కాని ఆ పథకము అధికారుల చేతిలోనిదే గాని ప్రజలది కాలేదని 1957లో బలవంతరాయ్ మెహతా సంఘము తేల్చినది. గ్రామము, బ్లాకు, జిల్లా అను మూడు అంతస్తులలో ఎన్నికైన సంస్థలు ఉండవలెనని ఆ సంఘము సిఫారసు చేసెను.

సమితి, ఆ పిదప మండలము

రాజస్థాన్ 1959 అక్టోబరు 2న ఆ సిఫారసును మొదట అమలు జరిపెను. ఆంధ్రప్రదేశ్‌లో 1959 చట్టము ప్రకారము నవంబరు 1నుండి పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినవి. జిల్లా బోర్డు పోయి కృష్ణా జిల్లా పరిషత్తు వచ్చినది. దానికి దీర్ఘకాలము అధ్యక్షులుగా పనిచేసిన పిన్నమనేని కోటేశ్వరరావు గారి పేరు జిల్లా ప్రజలకు సుపరిచితము.

సమితితో నడుమ అంతస్తు పాతికేండ్లకు తిరిగి ప్రాణము పొందెను. తాలూకా బోర్డునకును సమితికిని ఒక ముఖ్య భేదము కలదు. తాలూకా బోర్డులో గ్రామ పంచాయతీకి పదవిని బట్టి స్థానము లేదు. సమితిలో బ్లాకులోని సర్పంచులే పదవిరీత్యా సభ్యులు. సమితి అధ్యక్షుడు వారి నడుమనుండియే వచ్చెడివాడు. గ్రామపు మాట నేరుగా పై సంస్థలో వినబడుటకు ఏర్పడిన మొదటి మార్గమది.

1985లో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వము తాలూకాలను, ఫిర్కాలను తొలగించి మండలములను ఏర్పరచెను. అంతవరకు గన్నవరము తాలూకాతో ముడిపడియున్న బాపులపాడు తన పేరనే మండలమైనది. దాని కార్యాలయములు హనుమాన్ జంక్షన్‌లో వెలసినవి. 1986 చట్టము ప్రకారము సమితులకు బదులు మండల ప్రజా పరిషత్తులు వచ్చినవి. 1987లో వానికి ఎన్నికలు జరిగినవి. రాష్ట్రమున సుమారు 330 సమితులున్న చోట వెయ్యికి పైబడిన మండలములు వెలసినవి. కార్యాలయము గ్రామమునకు దగ్గరయ్యెను.

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామ, మధ్య, జిల్లా స్థాయి సంస్థలకు రాజ్యాంగ స్థానము కల్పించినది. అంతకు పూర్వము ఒక చట్టము చాలును, సంస్థ రద్దగుటకు. 1934లో జరిగినది అదియే. ఇప్పుడు పెద్ద రాష్ట్రములలో మధ్య స్థాయి సంస్థను తొలగించుటకు రాష్ట్ర చట్టము చాలదు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ఈ సవరణను అనుసరించినది. దాని ప్రకారము మండల పరిషత్తునకు ప్రాదేశిక నియోజకవర్గముల సభ్యులను ప్రజలు నేరుగా ఎన్నుకొనిరి. సర్పంచులు ఓటు లేని శాశ్వత ఆహ్వానితులైరి. సమితిలో సర్పంచునకు ఉండిన ఓటు ఈ మార్పుతో పోయినదని గుర్తుంచుకొనవలెను. ఓటు పోయినను, మాటాడు హక్కు ఉన్నది. దానిని వినియోగించుట సర్పంచుల చేతిలోనిది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలో చేరగా, బాపులపాడు కృష్ణా జిల్లాలో నిలిచెను. 1925లో వలెనే హద్దు మరల కదలినది. నూజివీడు తోటలనుండి జంక్షన్‌కు వచ్చు మామిడి లారీకి ఆ హద్దు కనబడదు. బాట మరమ్మతు కోరు పంచాయతీకి మాత్రము కనబడును.

గోడపై వ్రాసిన చరిత్ర

ఈ మార్పులన్నిటిని చదువుటకు పుస్తకములు అవసరము లేదు. పాఠశాల పేరును చూచిన చాలును. తాలూకా బోర్డు పాఠశాల, పిదప జిల్లా బోర్డు పాఠశాల, పిదప సమితి పాఠశాల, తరువాత మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. పిల్లలు అదే చెట్టు క్రింద ఆడిరి. గోడమీది పేరు మాత్రము మారినది. జిల్లా బోర్డు ఉన్నత పాఠశాల అట్లే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలగా మారెను.

అయితే పేరు మారినప్పుడెల్ల కాగితములును చేతులు మారినవి. బోర్డు దస్త్రము సమితికి, సమితి దస్త్రము మండలమునకు పోవునప్పుడు కొన్ని చిరిగిపోవుట, కొన్ని తప్పిపోవుట సహజము. దాత ఇచ్చిన పాఠశాల స్థలమునకు దస్తావేజు ఎక్కడ? బాట ప్రక్క చెట్ల వరుస ఎవరి ఖాతాలోనిది? పాత సత్రపు స్థలము ఎవరిది? ఈ ప్రశ్నలకు వెంటనే సమాధానము చెప్పగల పంచాయతీ ఆస్తి నిలుచును. చెప్పలేని చోట ప్రక్కవాని కంచె ఏటికి ఒక అడుగు చొప్పున ముందునకు జరుగును. జంక్షన్ పెరిగి, మల్లవల్లి పారిశ్రామికవాడ వచ్చి, భూముల విలువ హెచ్చిన ఈ ప్రాంతమున అడుగు భూమి అనగా అల్పము కాదు.

1994 చట్టము ప్రకారము, ప్రభుత్వమునకు ప్రత్యేక అవసరము లేని మేత పోరంబోకు, కళ్లములు, శ్మశానములు, పశువులు నిలుచు చోట్లు, బండి దారులు, తోపులు గ్రామ పంచాయతీకి చెందును. మామిడి సీమ వారికి తోపు అను మాట క్రొత్త కాదు. ఊరుమ్మడి తోపు ఫలసాయము పంచాయతీ ఆదాయమే. బండి దారి మూసివేసినచో, ఆవల తోట గల రైతు కాయను తలమీద మోయవలసి వచ్చును.

సభ్యులు చేయదగిన పనులు

తాలూకా బోర్డు చరిత్రనుండి మనము మూడు విషయములను గ్రహింపవచ్చును.

మొదటిది, సొంత ఆదాయము. తాలూకా బోర్డు ఇతరుల ధనముపై ఆధారపడి బలహీనమైనది. ఇంటిపన్ను, నీటి రుసుము, సంత వేలము, తోపు ఫలసాయము సక్రమముగా వసూలగు పంచాయతీ గ్రాంటు ఆలస్యమైనను వీధిదీపమును ఆర్పవలసిన పనియుండదు. పన్ను వేయుటకు సంకోచించు సభ్యుడు తన పంచాయతీ బలమును తానే తగ్గించుచున్నాడు.

రెండవది, దస్త్రము. పంచాయతీ ఆస్తుల రిజిస్టరును ఏటికొకసారియైనను సభ్యులందరు కూర్చుండి చదువవలెను. ప్రతి స్థలమునకు సర్వే నంబరు, విస్తీర్ణము, హద్దులు ఉన్నవో లేవో చూడవలెను. లేనిచో తహశీలుదారు కార్యాలయములోని అడంగలు, గ్రామ పటముతో సరిచూచి, తీర్మానము చేసి వ్రాయింపవలెను. ఊరిలోని వృద్ధులు ఉన్నప్పుడే వారినడిగి హద్దులు తెలిసికొనుట మేలు. వారితో పోయిన జ్ఞాపకము ఏ కార్యాలయమునను దొరకదు.

మూడవది, ఎన్నికలు, గ్రామసభ. మన రాష్ట్రమున 1970 తరువాత 1981 వరకు, 2006 తరువాత 2013 వరకు, మరల 2021 వరకు పంచాయతీ ఎన్నికలకు దీర్ఘమైన వ్యవధి పట్టినది. ఎన్నికైన సభ్యులు లేని కాలమున ప్రత్యేకాధికారులు పాలన సాగించిరి. అది 1871 నాటి లోకల్ ఫండ్ బోర్డు పద్ధతికి దగ్గరగా ఉన్నది: పన్ను గ్రామస్థులది, నిర్ణయము మరియొకరిది. ఎన్నిక సకాలమున జరుగుట సభ్యుల చేతిలో లేకపోవచ్చును. గ్రామసభ సకాలమున జరుగుట మాత్రము వారి చేతిలోనిదే. లెక్కలు చదివి వినిపించు గ్రామసభ యున్న ఊరిలో ప్రజలు పంచాయతీని తమదిగా భావింతురు. అట్లు భావించు సంస్థను తొలగించుట ఎవరికిని సులభము కాదు.

తాలూకా బోర్డు రద్దయినప్పుడు పల్లెలలో దానికొరకు గట్టిగా పోరాడినవారు అరుదు. ఓటు కొందరిది, అధికారము దూరమున ఉండినది, లెక్క ప్రజలకు తెలియనిది. అందుచేత అది పోయినను తమదేమో పోయినదని పల్లె తలపలేదు. నేటి గ్రామ పంచాయతీకి ప్రతి పెద్దవాని ఓటు ఉన్నది, రాజ్యాంగపు అండ ఉన్నది, స్త్రీలకును వెనుకబడిన వర్గములకును రిజర్వు చేసిన స్థానములు ఉన్నవి. తాలూకా బోర్డునకు లేని ఈ బలములను ఉపయోగించి బాటను, బావిని, తోపును తరువాతి వారికి కాగితముతో సహా అప్పగింపగలిగినచో, బాపులపాడు ప్రాంతపు సభ్యులు తమ పదవికి న్యాయము చేసినవారగుదురు.